ఊరిని కొలిచారు, వాడను కొలవలేదు: టెలిఫోన్ నుంచి మొబైల్ డేటా దాకా

కూలి గింజలు కొలిచి ఇచ్చిన కాలంలో పనిచేసిన వాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. ఎన్ని కుంచాలు ఇచ్చారన్నది సగం మాటే. ఎవరి కుంచంతో కొలిచారన్నది అసలు మాట. పటేలు ఇంట్లో కొనేటప్పుడు ఒక కుంచం, పెట్టేటప్పుడు ఇంకో కుంచం ఉండేవి. ఈ దేశంలో ఫోను సేవల చరిత్రను కూడా ఆ కుంచం దగ్గర నిలబడే చూడాలని ఈ వ్యాసం ఉద్దేశం.

ఫోను చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా రెండు కథలు చెప్తారు. ఒకటి యంత్రాల కథ: తీగలు పోయి గాలి తరంగాలు వచ్చాయి, డయలు పోయి తెర వచ్చింది. రెండోది సంస్కరణల కథ: ప్రభుత్వం గుత్తాధిపత్యం పోయింది, కంపెనీల పోటీ వచ్చింది, ధర తగ్గింది, అందరికీ ఫోను అందింది. రెండు కథల్లోనూ ఫోను పట్టుకున్న మనిషికి కులం ఉండదు, ఇల్లు ఎక్కడుందో ఉండదు. అతను ఒట్టి 'చందాదారుడు', తర్వాత ఒట్టి 'కస్టమర్'.

మన ప్రశ్న చిన్నది. సేవ అందిందని లెక్క రాసేటప్పుడు ఏ యూనిట్‌తో లెక్క రాశారు? గ్రామంతోనా, జిల్లాతోనా, సర్కిల్‌తోనా, మనిషితోనా? గత ముప్పై ఏళ్లలో ఈ యూనిట్ చాలాసార్లు మారింది. కానీ ఒక్కసారి కూడా అది వాడ దాకా రాలేదు. కొలవని చోట లోపం కనబడదు. కనబడని లోపానికి ఫిర్యాదు నిలబడదు. ఇంటర్నెట్ అందని వాడకు కస్టమర్ కేర్ కూడా అందకపోవడానికి కారణం ఇక్కడ ఉంది.

ఎవరి వసారాలో ఫోను

1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు మొదలయ్యాయి. 1885లో టెలిగ్రాఫ్ చట్టం వచ్చింది. కబురు మోసే హక్కు మొత్తం సర్కారుదే అని ఆ చట్టం అన్నది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తం మీద ఉన్న ఫోన్లు సుమారు 80 వేలు. 1991 నాటికి అవి 50 లక్షల దాకా పెరిగాయి. అప్పటి జనాభా 84 కోట్ల పైన. అంటే నూరు మందికి ఒక్క ఫోను కూడా లేదు. ఫోను కావాలంటే దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి కాచుకోవాలి. అయితే ఆ వరసలో కూడా సమానత్వం లేదు. 'ఓన్ యువర్ టెలిఫోన్' పథకం కింద ఎక్కువ డిపాజిట్ కట్టిన వాళ్ల పేరు ముందుకు జరిగేది. డబ్బున్నవాడు ముందు, లేనివాడు వెనక అన్న సూత్రం ప్రైవేటు కంపెనీలతో వచ్చిందని అనుకుంటే పొరపాటు. సర్కారీ వరసలోనే అది ఉంది.

1984లో సి-డాట్ సంస్థ పుట్టింది. విదేశీ యంత్రాలు మన ఎండకు, దుమ్ముకు, కరెంటు కోతకు ఆగవు కాబట్టి ఏసీ గది అక్కరలేని చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజీని మన ఇంజనీర్లు తయారు చేశారు. 1986లో కర్ణాటకలోని కిట్టూరులో 128 లైన్ల ఎక్స్ఛేంజీ మొదలైంది. ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన పని. కానీ ఎక్స్ఛేంజీ ఊరి దాకా వస్తే, అక్కడి నుంచి తీగ ఎవరింటికి పోతుంది? ఈ ప్రశ్నకు ఇంజనీరింగులో జవాబు లేదు. ఊరి నిర్మాణంలో ఉంది.

మాది పాలమూరు జిల్లాలో ఒక ఊరు. 1990ల మొదట్లో ఊర్లో ఒక్కటే ఫోను. అది మాజీ పోలీసు పటేలు ఇంట్లో, వసారాలో, డయలుకు తాళం వేసి ఉండేది. మా చిన్నాయన బొంబాయిల కట్టడం పనికి పోయిండు. ఆయన ఫోను చేస్తే పటేలు ఇంటి నుంచి ఒకరు వచ్చి వాడ మొగదల కేకేసేవాళ్లు. మా చిన్నమ్మ చేతిలో పని వదిలేసి ఉరికేది. వసారా ఎక్కడానికి లేదు. వాకిట్ల నిలబడాలి. పటేలు కొడుకు రిసీవరు తన చెవికి పెట్టుకొని, "మంచిగున్నడంట, పైసలు పంపుతడంట, ఇంకేమన్న చెప్పాల్నా?" అని అడిగేవాడు. అందరి ముందు ఆమె ఏం చెప్తుంది? "బిడ్డకు జరం తగ్గిందని చెప్పు పటేలా" అని వచ్చేసేది. మొగుడూ పెళ్లాల మాట అన్నేళ్లు మూడో నోటితో నడిచింది.

ఇది ఒక్క మా చిన్నమ్మ అవమానం అయితే ఇక్కడ రాయను. అదే కాలంలో 1985 జులై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు జరిగాయి. దాడి జరిగితే పోలీసు స్టేషనుకు కబురు చెయ్యడానికి, దాడి చేసిన కులం వాళ్ల వసారాకే పోవాల్సిన ఊళ్లు ఎన్ని? ఫోను ఎవరింట్లో ఉందన్నది సౌకర్యానికి సంబంధించిన ప్రశ్న కాదు, ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.

గ్రామం అనే లెక్క

1994 జాతీయ టెలికాం విధానం 1997 నాటికి దేశంలో అన్ని గ్రామాలకూ ఫోను ఇస్తామని రాసుకుంది. 1999లో ఇంకో విధానం వచ్చింది. ఇంకా 2.9 లక్షల గ్రామాలకు ఫోను లేదని ఆ పత్రమే ఒప్పుకుంది. 2002 నాటికి వాటికి కూడా మాటతో పాటు తక్కువ వేగం డేటా ఇస్తామని మళ్లీ గడువు పెట్టింది. మన పాలకులు గడువులు పెట్టుకోవడం, దాటవేయడం కొత్త సంగతి కాదు. మనం చూడాల్సింది గడువును కాదు, 'గ్రామం' అన్న మాటను.

ఆ లెక్కలో గ్రామం అంటే రెవెన్యూ గ్రామం. ఒక రెవెన్యూ గ్రామంలో ఒక పబ్లిక్ టెలిఫోన్ పెడితే ఆ గ్రామానికి ఫోను వచ్చినట్టే. అది పంచాయతీ ఆఫీసులో పెట్టారా, పోస్టాఫీసులో పెట్టారా, ఎవరి ఇంటి అరుగు మీద పెట్టారా అన్నది లెక్కలోకి రాదు. మాలవాడ నుంచి, మాదిగవాడ నుంచి రాత్రి పది గంటలకు ఒక ఆడమనిషి దాకా పోయి మాట్లాడగలదా అన్నది అసలే రాదు. పట్టణాల్లో పసుపు బోర్డుల ఎస్‌టీడీ బూతులు కొంత నయం. పైసలిస్తే ఎవరైనా మాట్లాడొచ్చు. కానీ బూతు పెట్టుకోవాలంటే రోడ్డు మీద ఒక గది కావాలి. రోడ్డు మీద గది ఉన్నవాళ్లు ఎవరో మనకు తెలుసు.

ఇక్కడ అంబేద్కర్‌ను గుర్తు చేసుకోవాలి. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ ఆయన గ్రామాన్ని పొగిడే వాళ్లను గట్టిగా ఖండించాడు. రాజ్యాంగం గ్రామాన్ని కాకుండా వ్యక్తిని యూనిట్‌గా తీసుకున్నందుకు సంతోషం ప్రకటించాడు. గ్రామం ఒకటి కాదు, ఊరు అనీ వాడ అనీ రెండు రాజ్యాలని ఆయన ఇతర రచనల్లో వివరంగా చూపించాడు. రాజ్యాంగం వద్దన్న గ్రామాన్ని ప్రణాళికలు మళ్లీ దొడ్డిదారిన యూనిట్‌గా తెచ్చుకున్నాయి. ఫోను లెక్క అందులో ఒకటి.

ఆ లెక్క అక్కడితో ఆగలేదు. 2011లో కేంద్రం ఆమోదించి, తర్వాత భారత్‌నెట్ అని పేరు మార్చిన ఆప్టికల్ ఫైబర్ పథకం రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలను లక్ష్యంగా పెట్టుకుంది. అంటే తీగ పంచాయతీ కార్యాలయం దాకా పోతే లెక్క పూర్తయినట్టు. పంచాయతీ కార్యాలయం నుంచి వాడకు ఉన్న దూరం కిలోమీటరు లోపే ఉండొచ్చు. ఆ కిలోమీటరును దాటించే ఖర్చు ఏ పద్దులో ఉంది?

చందాదారుడు కస్టమర్ అయ్యాడు

1995లో రెండు సంఘటనలు జరిగాయి. ఫిబ్రవరిలో, క్రికెట్ ప్రసారాల కేసులో, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జులై 31న బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మొదటి మొబైల్ కాల్ మాట్లాడాడు. తరంగాలు ప్రజల ఆస్తి అన్న ఏడాదే వాటి మీద ప్రైవేటు వ్యాపారం మొదలైంది. అప్పుడు నిమిషానికి పదహారు రూపాయల పైన, వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టాలి. రోజంతా నడుం వంచి నాటేసిన ఆడకూలీకి వచ్చే కూలి ఆ కాలంలో ఒకటి రెండు నిమిషాల మాట ఖరీదు.

ప్రజల ఆస్తి అన్న మాట మనకు కొత్త కాదు. 1923లో బొంబాయి శాసనమండలి, ప్రభుత్వ డబ్బుతో నడిచే చెరువులు, బావులు అంటరానివారికి తెరవాలని తీర్మానించింది. 1924లో మహద్ మునిసిపాలిటీ చవదార్ చెరువును తెరిచినట్టు కాగితం మీద రాసుకుంది. 1927 మార్చి 20న అంబేద్కర్ నాయకత్వాన జనం పోయి నీళ్లు తాగితే దాడి జరిగింది, కోర్టు కేసు పడింది. హైకోర్టులో ఆ కేసు తేలడానికి 1937 దాకా పట్టింది. తీర్మానానికీ దోసిలికీ మధ్య పద్నాలుగేళ్లు. గాలి తరంగాలకు మైల ఉండదు, ఎవరూ కర్ర పట్టుకొని అడ్డం నిలబడరు. నిజమే. కానీ కాగితం మీద 'అందరిదీ' అని రాసి, అందిందో లేదో కొలవకపోవడం అన్న పద్ధతి రెండు చోట్లా ఒకటే.

1997లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఏర్పడింది. 2000లో ప్రభుత్వ శాఖ బిఎస్ఎన్ఎల్ అనే కంపెనీగా మారింది. 2003 మేలో వచ్చే కాల్స్ ఉచితం అయ్యాయి. నా దృష్టిలో వాడలకు సంబంధించినంత వరకు అసలైన మార్పు ఇదే. డబ్బు లేకపోయినా ఫోను మోగుతుంది. మా చిన్నమ్మ తన మొగుని గొంతు ఫోనులో మొదటిసారి స్వయంగా విన్నది 2004లో, తన ఇంటి ముందర, వేపచెట్టు కింద. పోటీ వల్ల, ధర తగ్గడం వల్ల మనకు మేలు జరగలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పటేలు వసారా నుంచి మాట బయటపడింది. ఆ విముక్తి చిన్నది కాదు.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. 2014లో జీబీ డేటా రెండు వందల రూపాయల పైన ఉండేది. 2018 నాటికి పది పన్నెండు రూపాయలకు పడిపోయింది. అయితే పోటీలో చాలా కంపెనీలు మూతపడి, మిగిలినవి కొన్నే అయ్యాక సూత్రం తిరగబడింది. 2018 చివర్లో కంపెనీలు కనీస రీచార్జి పెట్టాయి. డబ్బు వెయ్యకపోతే వచ్చే కాల్ కూడా ఆగిపోతుంది. 2003లో దొరికిన హక్కు పదిహేనేళ్లకు వెనక్కి పోయింది. పైగా నెల అంటే 28 రోజులు. పేదోడి ఏడాదికి పన్నెండు నెలలు, కంపెనీ ఏడాదికి పదమూడు. ఈ 28 రోజుల మీద గొడవ అయ్యాకే, ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాను పెట్టాలని 2022లో ట్రాయ్ చెప్పింది. డేటా అక్కరలేని వాళ్లకు మాట, మెసేజీల వరకే ప్లాను ఇవ్వాలని చెప్పడానికి 2024 డిసెంబర్ దాకా పట్టింది.

సగటు చేసే మోసం

ఇక సేవ నాణ్యత సంగతి. ట్రాయ్ 2009లో మాటకు, 2012 డిసెంబర్‌లో మొబైల్ డేటాకు నాణ్యతా ప్రమాణాలు ప్రకటించింది. డౌన్‌లోడ్ వేగం ఎంత, మధ్యలో ఆలస్యం ఎంత, ఎన్నిసార్లు తెగిపోయింది అన్నవి కొలిచి కంపెనీలు లెక్క ఇవ్వాలి. బ్రాడ్‌బ్యాండ్ అన్న మాటకు నిర్వచనం కూడా మారుతూ వచ్చింది: 2004లో 256 కిలోబిట్లు, 2013లో 512, 2023లో 2 మెగాబిట్లు. ఇవన్నీ అవసరమైన నియమాలే. వీటిని తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. కానీ లెక్క ఏ స్థాయిలో ఇచ్చేవారు? సర్కిల్ స్థాయిలో. దేశాన్ని 22 సర్వీసు ఏరియాలుగా విడగొట్టారు. అందులో 'ఆంధ్రప్రదేశ్' ఒకటి. 2014లో రాష్ట్రం విడిపోయినా టెలికాం సర్కిల్ విడిపోలేదు. తెలంగాణ అంతా దానిలోనే ఉంది. హైదరాబాదు మాదాపూర్‌లో వేగం, అచ్చంపేట పక్క వాడలో వేగం ఒకే సగటులో కలిసిపోతాయి. హోటల్లో ఒకడు రెండు కోళ్లు తిని, బయట ఒకడు పస్తుంటే, సగటున ఇద్దరూ చెరొక కోడి తిన్నట్టు.

ఈ మాట మనమే అనడం లేదు. 2017 ఆగస్టులో ట్రాయ్ తన నియమాలను సవరించింది. కాల్ తెగిపోవడాన్ని మొత్తం నెట్‌వర్క్ సగటుతో కాకుండా, 90 శాతం సెల్స్‌లో, 90 శాతం రోజుల్లో 2 శాతం మించకూడదన్న పద్ధతికి మారింది. సగటు చాటున చెడ్డ చోట్లు దాక్కుంటున్నాయని నియంత్రణ సంస్థే ఒప్పుకున్నట్టు అయింది. ఇది ముందడుగే. అయితే మిగిలిన 10 శాతం సెల్స్ ఎక్కడున్నాయి, వాటి కింద ఎవరున్నారు? ఈ ప్రశ్న అడిగే గడి ఆ ఫారంలో లేదు. 2011 జనగణన ఎస్సీల ఇళ్లలో ఫోను ఉందో లేదో విడిగా లెక్కపెట్టి పట్టికలు ఇచ్చింది. ట్రాయ్ నెలనెలా ఇచ్చే చందాదారుల లెక్కలో పట్నం, పల్లె అన్న తేడా ఉంటుంది గానీ పల్లెలో ఊరు, వాడ అన్న తేడా లేదు.

ఇంకో కొలత డ్రైవ్ టెస్టు. కారులో పరికరాలు పెట్టుకొని రోడ్ల మీద తిరుగుతూ సిగ్నల్, వేగం కొలుస్తారు. కారు పోయే చోటే కొలుస్తారు కదా. వాడకు కారు రోడ్డు లేకపోతే వాడ సిగ్నల్ ఎవరు కొలిచారు?

వాడలో సిగ్నల్ ఎందుకు బలహీనంగా ఉంటుందన్నది కూడా మాయ కాదు. టవర్ కట్టాలంటే జాగా అద్దెకు కావాలి, కరెంటు కావాలి, లారీ పోయే దారి కావాలి. ఆ జాగా ఉన్నవాళ్లు భూస్వాములు. అద్దె వాళ్లకే, సిగ్నల్ ముందు వాళ్లకే. చాలా ఊళ్లలో వాడలను పల్లపు నేలలో, చెరువు కిందనో, ఊరి చివరనో పెట్టారు. ఎత్తు ఫ్రీక్వెన్సీ తరంగాలు దూరం పోవు, గోడలను, చెట్లను, దిబ్బలను దాటలేవు. ఒక సెల్ కింద ఎంతమంది ఉంటే వేగం అంతమందికి చీలుతుంది. కూలి నుంచి అందరూ ఇంటికి చేరే సాయంత్రం వేళ ఒకే టవర్ మీద భారం పడుతుంది. చేతిలో ఉన్నది చౌక ఫోను అయితే, పక్క టవర్ వాడే బ్యాండు ఆ ఫోనులో ఉండకపోవచ్చు. భూమి లేకపోవడం, పల్లంలో ఉండడం, చౌక సరుకు కొనడం అన్న పాత సంగతులే కొత్త యంత్రంలో 'టెక్నికల్ సమస్య' అన్న పేరుతో తిరిగి వచ్చాయి.

సిగ్నలే కూలి, సిగ్నలే బియ్యం

ఇదంతా సినిమాలు చూసుకోవడానికి అయితే ఇంత రాయక్కరలేదు. 2015 తర్వాత మన రెండు రాష్ట్రాల్లో రేషన్ షాపుల్లో వేలిముద్ర యంత్రాలు వచ్చాయి. యంత్రానికి సిగ్నల్ రాకపోతే బియ్యం ఆగిపోతాయి. స్కాలర్‌షిప్పు దరఖాస్తు, హాల్ టికెట్టు, కౌన్సెలింగు అన్నీ ఆన్‌లైన్ అయ్యాయి. 2020లో బడులు మూసి ఆన్‌లైన్ తరగతులు పెట్టారు. అంతకు ముందు 2017-18 జాతీయ శాంపిల్ సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం మాత్రమే. ఈ అంకె ప్రభుత్వం దగ్గర ఉండగానే తరగతులు మొదలయ్యాయి. చెట్లెక్కి, మిద్దెలెక్కి, గుట్టలెక్కి పాఠాలు విన్న పిల్లల ఫోటోలను పత్రికలు 'పట్టుదల' అని మెచ్చుకున్నాయి. మెచ్చుకోవాల్సింది పట్టుదలే. అడగాల్సింది మాత్రం ఆ గుట్ట ఎక్కాల్సిన అవసరం ఎవరికి వచ్చిందని.

2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిచోట్ల హాజరును మొబైల్ యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. రోజుకు రెండు సార్లు కూలీల ఫోటో తీసి, ఆ చోటు గుర్తుతో సహా పంపాలి. ఆ పథకం కూలీల్లో ఎస్సీలు, ఎస్టీలు జనాభాలో తమ వాటాకన్నా ఎక్కువ. పని చేసినట్టు సాక్ష్యం మట్టిలో ఉంది, గడ్డపార పట్టిన చేతిలో ఉంది. కానీ సాక్ష్యంగా చెల్లేది ఫోటో. ఫోటో ఎక్కకపోతే ఆ రోజు పని జరగనట్టే. అంటే కంపెనీ సేవలో లోపానికి జరిమానా కూలీ కట్టాడు. పాత రోజుల్లో మేస్త్రీ మస్టరు ఎగ్గొడితే మేస్త్రీని నిలదీసే వీలుండేది. నెట్‌వర్క్‌ను ఎవరు నిలదీస్తారు?

కేర్ ఎవరికి

నిలదీయడానికి కస్టమర్ కేర్ ఉంది కదా అంటారు. ట్రాయ్ 2012 జనవరిలో ఫిర్యాదుల నియమాలు తెచ్చింది. ప్రతి కంపెనీ ఉచిత నెంబరు పెట్టాలి, ఫిర్యాదుకు డాకెట్ నెంబరు ఇవ్వాలి, తృప్తి లేకపోతే కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారికి చెప్పుకోవచ్చు, 39 రోజుల్లో అప్పీలు తేలాలి. విడి మనుషుల ఫిర్యాదును ట్రాయ్ తీర్చదు. అది నియమాలు రాసే సంస్థ. దొంగతనం జరిగిందని దొంగ ఇంట్లోనే అర్జీ పెట్టుకోవడం లాంటిదని విమర్శించొచ్చు. కానీ ఈ మాత్రం నియమాన్నయినా మనం ఎంతవరకు వాడుకున్నామో కూడా చూసుకోవాలి.

నేను వాడి చూశాను. మా వాడలో డేటా రావడం లేదని ఒక కంపెనీకి ఫోను చేశాను. ఇది నొక్కండి, అది నొక్కండి అయ్యాక ఒక అబ్బాయి పలికాడు.

"సార్, మీ ఏరియాలో నెట్‌వర్క్ బాగానే ఉన్నట్టు చూపిస్తోంది సార్."

"ఊర్లె ఉంది బాబూ, మా వాడల లేదు."

"వాడ అంటే సార్? ల్యాండ్‌మార్క్ ఏదైనా చెప్పండి. గుడి గానీ, బస్టాండ్ గానీ..."

గుడి ఊర్లో ఉంది. బస్టాండూ ఊర్లోనే. మా వాడకు పెట్టిన పేరు మా కులం పేరే. అది చెప్తే కంప్యూటర్‌లో దొరకలేదు. చివరికి పిన్‌కోడ్ రాసుకున్నాడు. ఆ పిన్‌కోడ్ కింద చాలా ఊళ్లున్నాయి. రెండు రోజులకు 'మీ సమస్య పరిష్కరించబడింది' అని మెసేజి వచ్చింది. ఆ మెసేజి కూడా చెరువు కట్ట ఎక్కినప్పుడే వచ్చింది. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. వాడూ కూలీయే, ఎదురుగా గడియారం పెట్టుకొని కాల్‌కింత అని పనిచేస్తున్నాడు. వాడి ముందున్న మ్యాపులో మా ఊరు పచ్చగా ఉంది. మ్యాపు గీసినవాడికి వాడ తెలియదు.

కంపెనీ దాటి కోర్టుకు పోదామంటే, 2009లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. టెలిగ్రాఫ్ చట్టం 7బి సెక్షన్ కింద మధ్యవర్తి దగ్గరికే పోవాలి, వినియోగదారుల ఫోరానికి పోకూడదన్నది దాని సారాంశం. 1885 చట్టం నీడ 2009 దాకా పడింది. ఆ తీర్పును చూపించి ఎన్నో ఫోరాలు ఫిర్యాదులను వెనక్కి పంపాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే వినియోగదారుల ఫోరాలకు అధికారం ఉందని స్పష్టం చేసింది. పదమూడేళ్లు తలుపు మూసి ఉంది. ఈ మధ్యలో ఇంకో ప్రయత్నం జరిగింది. కాల్ తెగిపోతే ఒక రూపాయి, రోజుకు మూడు రూపాయల వరకు కస్టమర్‌కు ఇవ్వాలని ట్రాయ్ 2015లో నియమం చేసింది. కంపెనీలు కోర్టుకు పోయాయి. 2016 మే 11న సుప్రీంకోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. 98 కాల్స్ తెగకుండా ఉంటే ప్రమాణం పాటించినట్టే అని నియమాలే చెబుతున్నప్పుడు, మిగిలిన రెంటికి జరిమానా ఎలా వేస్తారన్నది అందులో ఒక వాదన. మళ్లీ సగటే గెలిచింది, మనిషి ఓడిపోయాడు.

2024 అక్టోబర్ నుంచి కొత్త నాణ్యతా నియమాలు అమల్లోకి వచ్చాయి. జరిమానా పది లక్షల దాకా పెరిగింది. కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజి మ్యాపులు పెట్టాలి. నెట్‌వర్క్ 24 గంటలకు మించి పడిపోతే అద్దె తగ్గించాలి, లేదా రీచార్జి గడువు పొడిగించాలి. చదివితే సంతోషం కలుగుతుంది. కానీ ఎక్కడ పడిపోతే? జిల్లా స్థాయిలో పడిపోతే. యూనిట్ సర్కిల్ నుంచి జిల్లాకు దిగింది. ఒక టవర్ వారం రోజులు ఆగి ఒక వాడ మూగబోతే అది నష్టపరిహారం లెక్కలోకి రాదు. 2023 టెలికమ్యూనికేషన్ చట్టం ఫిర్యాదులకు ఆన్‌లైన్ పద్ధతి పెట్టాలంటుంది. ఇంటర్నెట్ లేదని ఇంటర్నెట్‌లో చెప్పుకోవాలన్న మాట. వినియోగదారుల రక్షణ చట్టం కింద ఉన్న హక్కుకు ఇది అడ్డు కాదని అదే చట్టం రాసింది. మనం పట్టుకోవాల్సింది ఆ మాటను.

మన కుంచం

ఈ చరిత్ర నుంచి మనం నేర్చుకోవాల్సింది ఏమిటి? వాడను విడిగా లెక్కపెట్టడం ఈ రాజ్యానికి చేతకాని పని కాదు. గ్రామీణ మంచినీటి పథకాల్లో ఎస్సీ ఆవాసాలను విడిగా గుర్తించారు. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రెవెన్యూ గ్రామాన్ని కాకుండా ఆవాసాన్ని యూనిట్‌గా తీసుకుంది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. ఇవి ఎవరూ దానంగా ఇవ్వలేదు. ఉద్యమాలు అడిగితే వచ్చాయి. నీళ్లకు, రోడ్డుకు వీలైన లెక్క సిగ్నల్‌కు ఎందుకు వీలు కాదు? 2002 నుంచి కంపెనీల ఆదాయంలో 5 శాతం సార్వత్రిక సేవ కోసం లెవీగా తీస్తున్నారు. ఇప్పుడు ఆ నిధి పేరు డిజిటల్ భారత్ నిధి. ఆ ఆదాయంలో వాడలో వేసిన రీచార్జి కూడా ఉంది. ఆ నిధి ఏ వాడ దాకా వచ్చిందని అడిగే హక్కు ఉంది.

అడగాలంటే లెక్క మన చేతిలో ఉండాలి. విద్యార్థి సంఘాలు, టీచర్లు ఒక పని చెయ్యొచ్చు. ప్రతి వాడలో ఒక పుస్తకం పెట్టండి. ఏ రోజు, ఏ వేళ, ఏ కంపెనీ సిగ్నల్ రాలేదు, దానివల్ల ఏం ఆగింది, బియ్యమా, హాజరా, పరీక్ష ఫీజా, డాకెట్ నెంబరు ఎంత, జవాబు ఏం వచ్చింది అని రాయండి. డాకెట్ నెంబరు లేకపోతే ఫిర్యాదు పుట్టనట్టే, కాబట్టి దాన్ని వదలకండి. ఊర్లో వేగం, వాడలో వేగం ఒకే గంటలో కొలిచి పక్కపక్కన రాయండి. ఒక మండలంలో ఇరవై వాడల పుస్తకాలు కలిపితే అది పరిశోధన అవుతుంది, జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు సాక్ష్యమూ అవుతుంది.

మా చిన్నమ్మ ఇప్పుడు పెద్దదైపోయింది. ఆమె మనవరాలు ఇంటర్ చదువుతుంది. సాయంత్రం కాగానే ఫోను పట్టుకొని చెరువు కట్ట మీదికి పోతది. చీకటి పడే వేళ ఆడపిల్ల ఒక్కతే కట్ట మీద ఎందుకని చిన్నమ్మ కూడా వెనకే పోయి కూర్చుంటది. ఒకప్పుడు పటేలు వాకిట్ల నిలబడిన మనిషి ఇప్పుడు కట్ట మీద కూర్చుంది. ముప్పై ఏళ్లలో వచ్చిన మార్పు పెద్దదే. కానీ కబురు కోసం ఇల్లు విడిచి పోవడం తప్పలేదు. కంపెనీ మ్యాపులో మాత్రం ఆ ఇల్లు పచ్చగానే ఉంది.